ఉక్కుపలక ఎంతసేపట్లో చల్లారుతుంది?

జంషెడ్‌పూర్‌లోని సోనారి, కదమాల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లో చాలావాటి కథ ఒకటే. తాతగారు శ్రీకాకుళం వైపు నుంచో విజయనగరం వైపు నుంచో కంపెనీ పనికని వచ్చారు. జంషెడ్‌పూర్‌లో కంపెనీ అంటే ఒకటే, పేరు చెప్పక్కర్లేదు. తండ్రి ఇక్కడే పుట్టాడు. మనవడో మనవరాలో ఇప్పుడు ఆదిత్యపూర్ ఎన్‌ఐటీలోనో మరో ఊళ్లోనో ఇంజనీరింగ్ చదువుతూ, పక్కన పైథాన్ కూడా నేర్చుకుంటున్నారు. కోర్సు అయింది, సర్టిఫికెట్టూ వచ్చింది. కానీ లాబ్‌లో తీసిన ఇరవై రీడింగులు చేతికిచ్చి సగటు కట్టి, గ్రాఫు గీసి చూపించమంటే చెయ్యి మళ్లీ ఎక్సెల్ వైపే పోతుంది.

ఇందులో పిల్లల తప్పేమీ లేదు. మామూలు కోర్సులు పైథాన్‌ని వెబ్‌సైట్ కట్టేవాడికీ, బ్యాంకు సాఫ్ట్‌వేర్ రాసేవాడికీ, లోహం చల్లారే తీరు లెక్కించేవాడికీ ఒకే వరుసలో చెప్పేస్తాయి. ముందు పేరడిగి నమస్కారం పెట్టే ప్రోగ్రాము, ఆపైన అంకె ఊహించే ఆట, ఆపైన స్టూడెంట్ల మార్కుల పట్టిక. శాస్త్రీయ గణనకు కావలసింది వేరు. భాషలో నేర్వాల్సింది నిజానికి కొంచెమే, ఒక నెల సాయంత్రాలు కూర్చుంటే చాలు. ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది యంత్రం తెరమీద వేసిన అంకెను ఎలా నిలదీయాలి అన్న దగ్గర. ఆ రెండూ కలిపి చెప్పడానికి ఈ ఊరికన్నా మంచి చోటు దొరకదు. ఇక్కడ ఒకపక్క నది, మరోపక్క కరిగిన ఉక్కు, రెండూ అంకెల్లోనే మాట్లాడతాయి.

ఏ భాష అన్న చర్చ మీద ఎక్కువసేపు నిలబడను. ఈ తరహా లెక్కల కోసమే పుట్టిన పాతకాపు ఫోర్ట్రాన్, 1957లో ఐబీఎం నుంచి జాన్ బాకస్ బృందం తెచ్చింది. ఇప్పటికీ వాతావరణ నమూనాల్లో నడుస్తోంది. పైథాన్ 1991లో వచ్చింది. శాస్త్రవేత్తలకు అది నిజంగా పనికొచ్చేలా చేసింది 2006లో ట్రావిస్ ఆలిఫాంట్ విడుదల చేసిన నమ్‌పై అనే లైబ్రరీ. 2012లో ప్రకటించిన జూలియాకు మూలపురుషులు నలుగురు, వారిలో విరల్ షా మన దేశీయుడే. వేగం అవసరమైనవాళ్లకు అది బాగుంటుంది. మాట్‌లాబ్ ఖరీదు, దాని బదులు ఉచితంగా ఆక్టేవ్, సైలాబ్ ఉన్నాయి. మొదటి భాషగా నేను పైథాన్, నమ్‌పై చెప్తాను. కారణం గొప్పదేం కాదు: ఎక్కడ చిక్కుకున్నా సాయం దొరుకుతుంది, డబ్బు కట్టక్కర్లేదు, బ్రౌజర్‌లో గూగుల్ కోలాబ్ తెరిస్తే కంప్యూటర్‌లో ఏదీ ఎక్కించక్కర్లేదు. ఐఐటీ బాంబే వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగు గొంతుతో కూడా ఉన్నాయి, మొదటి రోజుల్లో బెరుకు పోవడానికి అవి మంచివి.

ఇక నది. సోనారి అంచున దోముహాని దగ్గర ఖర్కాయి వచ్చి సువర్ణరేఖలో కలుస్తుంది. వానాకాలంలో పైన డ్యాముల గేట్లు ఎత్తారంటే ఒడ్డు పక్క బస్తీల వాళ్లు సామాను సర్దుకోవాల్సిందే. ఆ రోజుల్లో పత్రికల్లో రెండు అంకెలు తప్పకుండా కనిపిస్తాయి. ఆదిత్యపూర్ వంతెన దగ్గర ఖర్కాయికి ప్రమాద స్థాయి 129 మీటర్లు, మాంగో వంతెన దగ్గర సువర్ణరేఖకు 121.50 మీటర్లు. ఇవి నీటి లోతులు కావు, సముద్ర మట్టం నుంచి కొలిచిన ఎత్తులు. ఆదిత్యపూర్ సంగమానికి ఎగువన, మాంగో దిగువన. అందుకే మొదటి అంకె పెద్దది. ఖర్కాయిలో ఏడున్నర మీటర్ల నీళ్లు ఎక్కువున్నాయని దాని అర్థం కాదు. ప్రోగ్రాము రాయకముందే అంకె దేన్ని కొలుస్తోందో తెలుసుకోవాలి. కంప్యూటర్‌కి ఈ తేడా ఎప్పటికీ తెలియదు.

నేర్చుకోవడానికని ఖర్కాయి మట్టాలు గంటగంటకూ ఇలా ఉన్నాయనుకుందాం: 128.2, 128.5, 128.9, 129.3, 129.1. వీటిని చదరపు బ్రాకెట్లలో పెట్టి, మధ్యలో కామాలు పెట్టి, ముందు ఒక పేరూ సమాన గుర్తూ రాస్తే పైథాన్ లిస్టు తయారవుతుంది. పేరు 'మట్టం' అనుకోండి. ఇక్కడ సమాన గుర్తు బడి లెక్కల్లోని సమానం కాదు. కుడివైపున్న విలువ కట్టి, దాన్ని ఎడమవైపు పేరుకు తగిలించమనే ఆజ్ఞ. అందుకే 'గంట = గంట + 1' అన్నది బళ్లో అసంబద్ధం, ఇక్కడ రోజువారీ మాట.

ఈ లిస్టు లెక్కలకు అంతగా పనికిరాదు. లిస్టు కిరాణా సంచి లాంటిది, బియ్యం, సబ్బు, అగ్గిపెట్టె ఏదైనా పడుతుంది. నమ్‌పై ఎరే గుడ్ల ట్రే, అన్నీ ఒకే జాతివి, ఒక్కోదానికి ఒక్కో గుంట. తేడా ఎంతో చూడాలంటే ఒక చిన్న పరీక్ష చాలు. 1, 2, 3 ఉన్న లిస్టును 2తో గుణిస్తే 1, 2, 3, 1, 2, 3 వస్తుంది. పైథాన్ సంచిని రెండుసార్లు నింపింది. అవే అంకెలు ఎరేలో పెట్టి గుణిస్తే 2, 4, 6. ఎరే కావాలని అనుకుంటూ లిస్టు వాడినవాడికి మొదటి తరహా జవాబొస్తుంది. తప్పని ఎవరూ చెప్పరు.

ఎరేలో పెట్టాక పని ఎంత తేలికవుతుందో చూడండి. సగటు ఫంక్షన్ అడిగితే 128.8. 'డిఫ్' అనే ఫంక్షన్ పక్కపక్క విలువల తేడా తీసి 0.3, 0.4, 0.4, మైనస్ 0.2 ఇస్తుంది. మూడు గంటలు పెరిగి నాలుగో గంటకి తగ్గుముఖం పట్టిందన్నమాట. ఐదు మట్టాలకు తేడాలు నాలుగే వస్తాయి, గ్రాఫు గీసేటప్పుడు ఇది మరచిపోతే కంప్యూటర్ పొడవులు కలవలేదని గొడవ చేస్తుంది. ఇక 'మట్టం > 129' అని రాస్తే ఒక జవాబు కాదు, ఐదు జవాబులొస్తాయి: కాదు, కాదు, కాదు, అవును, అవును. పైథాన్ అవునును 1గా, కాదును 0గా లెక్కేస్తుంది కాబట్టి వీటిని కూడితే 2. నది రెండు గంటల రీడింగుల్లో ప్రమాద స్థాయి దాటింది. ఎక్కడా లూప్, అంటే ఒకే పనిని మళ్లీమళ్లీ చేయించే కోడ్, రాయలేదు. ఒక్కో గుంటలోకీ తొంగిచూడలేదు. వరుస మొత్తాన్ని ఒకే పేరుతో పిలిచి ఒకేసారి ప్రశ్న అడిగాం. కోర్సుల్లో ఫర్ లూప్‌కి వారం కేటాయించి దీన్ని చివర్లో అరగంటలో చెప్తారు. నన్నడిగితే తలకిందులు చెయ్యాలి.

ఐదు అంకెలకు ఇదంతా ఎందుకని అనిపించడం సహజమే. ఐదుకీ ఐదు లక్షలకీ రాసే వాక్యం అదే. వేగం కూడా అక్కడే తెలుస్తుంది, ఎందుకంటే నమ్‌పై అసలు పనిని పైథాన్‌తో చేయించదు, లోపల సీ భాషలో ముందే కంపైల్ అయిన కోడ్‌కి అప్పగిస్తుంది. సమీకరణాల సమూహాలు సాధించమన్నప్పుడు అది పిలిచేది 1992లో విడుదలైన లాపాక్ పద్ధతుల్నే. అవి రాసింది ఫోర్ట్రాన్‌లో. పాతకాపు ఎక్కడికీ పోలేదు.

ఇక్కడే మూడు చిన్న ఇబ్బందులు ముందే తెలిసుండాలి. లెక్కింపు సున్నాతో మొదలవుతుంది, మొదటి గంట మట్టం కావాలంటే సున్నా స్థానం అడగాలి. 0 నుంచి 3 వరకు అని ముక్క కోస్తే మూడు విలువలే వస్తాయి, 3వ స్థానం రాదు. రెండోది: రాత్రి ఒక గంట రీడింగు ఎవరూ తీయకపోతే ఆ గుంటలో సున్నా పెట్టకండి. సున్నా అంటే సముద్ర మట్టం, సగటు పాతాళానికి పోతుంది. దానికి 'నాన్' అనే ప్రత్యేక విలువుంది, సంఖ్య లేదు అని అర్థం. అది ఒక్కటున్నా మామూలు సగటు కూడా 'నాన్' అయిపోతుంది, దాన్ని వదిలేసి లెక్కించడానికి 'నాన్‌మీన్' వాడాలి. మూడోది కొంచెం విచిత్రం. మామూలు పైథాన్‌లో 128.5 నుంచి 128.2 తీసేయమంటే 0.3 రాదు, 0.30000000000001137 వస్తుంది. యంత్రం సంఖ్యల్ని ద్విసంఖ్యా పద్ధతిలో దాచుకుంటుంది. 128.5 అందులో కచ్చితంగా ఇముడుతుంది, 128.2 ఇమడదు, దగ్గరి విలువకు సర్దుకుంటుంది. నదికి ఈ తేడా లెక్కలోదే కాదు. కానీ 'తేడా సరిగ్గా 0.3కి సమానమైతే ఆగు' అని రాసిన ప్రోగ్రాము ఎన్నటికీ ఆగదు. దశాంశాల దగ్గర సమానమా అని అడక్కూడదు, దగ్గరగా ఉందా అని అడగాలి.

నది మనకు అంకెలిచ్చింది, మనం చదివాం. ఉక్కు విషయంలో పని తిరగబడుతుంది. సూత్రం మన దగ్గరుంది, అంకెలు మనమే పుట్టించాలి. శాస్త్రీయ గణన అసలు రుచి ఇక్కడే.

1200 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఎర్రగా కాలుతున్న రెండు సెంటీమీటర్ల మందం ఉక్కుపలకను బయట నిలబెట్టాం. ఎంతసేపటికి 800 డిగ్రీలకు దిగుతుంది? ఇంత వేడి దగ్గర పలక వేడిని ముఖ్యంగా పోగొట్టుకునేది వికిరణంతో. చదరపు మీటరు ఉపరితలం నుంచి ప్రతి సెకనూ పోయే వేడి, కెల్విన్‌లో కొలిచిన ఉష్ణోగ్రత నాలుగో ఘాతానికి అనుపాతంలో ఉంటుంది. ఇది స్టెఫాన్–బోల్ట్‌జ్‌మన్ సూత్రం, స్థిరాంకం 5.67ని పది కోట్లతో భాగించినంత. ఉక్కు ఉపరితలానికి ఉద్గారకత, అంటే ఆదర్శ ఉపరితలంతో పోలిస్తే వేడిని వెదజల్లే పాలు, 0.8 అనుకుందాం. రెండు పక్కల నుంచీ వేడి పోతుంది. పలక చదరపు మీటరుకు 157 కిలోల బరువు, ఉక్కు సాంద్రత 7850 కాబట్టి. కిలో ఉక్కు ఒక డిగ్రీ తగ్గాలంటే 600 జౌళ్లు పోవాలనుకుందాం. గాలి తీసుకుపోయేది, చుట్టుపక్కల నుంచి తిరిగొచ్చేది ప్రస్తుతానికి వదిలేద్దాం.

కీబోర్డు ముట్టుకోకముందు కాగితం మీద ఒక్కసారి కట్టి చూడాలి. 1200 డిగ్రీలంటే 1473 కెల్విన్. దాని నాలుగో ఘాతం సుమారు 4.7 లక్షల కోట్లు. స్థిరాంకంతో గుణిస్తే చదరపు మీటరుకు దాదాపు 267 కిలోవాట్లు. ఉద్గారకత, రెండు పక్కలు కలిపితే 427. దాన్ని పలక ఉష్ణధారణతో, అంటే 157ని 600తో గుణిస్తే వచ్చే 94,200తో భాగిస్తే సెకనుకు నాలుగున్నర డిగ్రీలు. మొదటి క్షణంలో పలక చల్లారే వేగం అది. ఈ ఒక్క అంకె జేబులో ఉంటే ప్రోగ్రాము అబద్ధమాడినప్పుడు పట్టుకోవచ్చు.

అబద్ధమాడించడం ఎంత తేలికో చూడండి. సూత్రంలో 1473 బదులు 1200 పెట్టామనుకోండి, సెల్సియస్‌ని కెల్విన్‌గా మార్చడం మరిచి. జవాబు సెకనుకు 2 డిగ్రీలు. ఎర్ర అక్షరాల హెచ్చరిక రాదు. రెండు డిగ్రీలు చూస్తే నమ్మబుద్ధయ్యేలా కూడా ఉంది. ఇంకోటి: బడిలో, ఎక్సెల్‌లో ఘాతానికి టోపీ గుర్తు వాడతాం. పైథాన్‌లో ఘాతానికి రెండు నక్షత్రాలు పెట్టాలి. టోపీ గుర్తుకు అక్కడ వేరే పని, అంకెల బిట్లను పోల్చడం. 1473 టోపీ 4 అంటే పైథాన్ 1477 అంటుంది. లక్షల కోట్లు రావాల్సిన చోట 1477. 1473.0 అని చుక్క పెట్టి రాసుంటే కనీసం తప్పని అరిచేది. పూర్ణసంఖ్య కాబట్టి మౌనంగా చేసుకుపోయింది. మూడో రకం తప్పు విండోస్ కంప్యూటర్లలో ఉండేది. అక్కడ నమ్‌పై పూర్ణసంఖ్యలు 32 బిట్లవి, సుమారు 214 కోట్లు దాటితే చుట్టు తిరిగి అర్థంలేని అంకె ఇచ్చేవి. 2024లో వచ్చిన నమ్‌పై 2.0తో ఆ పద్ధతి మారింది. అయినా ఉష్ణోగ్రతలకు ఎప్పుడూ చుక్క పెట్టి దశాంశంగానే రాయడం మంచి అలవాటు.

ఇప్పుడు ఫంక్షన్. చల్లారే వేగం లెక్కగట్టే సూత్రాన్ని 'డెఫ్' అన్న మాటతో మొదలెట్టి ఒక పేరు కింద పెడతాం. ఉష్ణోగ్రత ఇస్తే వేగం తిరిగిస్తుంది. డెఫ్ కింది వాక్యాలన్నీ నాలుగు ఖాళీలు లోపలికి జరిపి రాయాలి. పైథాన్‌లో ఆ ఖాళీలు అందానికి కాదు, ఫంక్షన్ ఎక్కడ ముగిసిందో చెప్పేది అవే. ఫంక్షన్ రాయగానే 1473.0 ఇచ్చి చూడండి. 4.53 వస్తే ముందుకు. 1073 ఇస్తే, అంటే 800 డిగ్రీల దగ్గర, 1.28 రావాలి. వేగం మూడోవంతు కన్నా తక్కువకు పడిపోయింది. నాలుగో ఘాతం మహిమ.

వేగం క్షణక్షణం మారుతోంది కాబట్టి ఒక్క భాగహారంతో జవాబు రాదు. అడుగులేస్తూ పోవాలి. ఇప్పటి ఉష్ణోగ్రతకు వేగం కట్టు, ఒక సెకనులో ఎంత తగ్గుతుందో తీసెయ్యి, కొత్త ఉష్ణోగ్రత ఎరేలో తరవాతి గుంటలో పెట్టు, మళ్లీ మొదలెట్టు. 18వ శతాబ్దపు ఆయిలర్ పేరుమీద చలామణీ అయ్యే పద్ధతి ఇది. ఇందాక లూప్‌ని వెనక్కి నెట్టానుగా, ఇక్కడ దాన్ని పిలవక తప్పదు. ప్రతి గుంటా ముందు గుంట మీద ఆధారపడింది, వరుసనంతా ఒకేసారి కట్టడం కుదరదు. లూప్ ఎప్పుడు కావాలి, ఎప్పుడు అక్కర్లేదు అన్నదానికి నాకు తెలిసిన సూటి గుర్తు ఇదే.

ఒక్కో సెకను అడుగుతో నడిపితే పలక 800 డిగ్రీలకు రావడానికి 171 సెకన్లు దాటుతుంది, మూడు నిమిషాలకు కొంచెం తక్కువ. అక్కణ్ణుంచి 600కి దిగడానికి ఇంకో నాలుగు నిమిషాలు. మొదటి నాలుగు వందల డిగ్రీల కన్నా తరవాతి రెండు వందలకు ఎక్కువసేపు పట్టింది. మాట్‌ప్లాట్‌లిబ్‌తో గ్రాఫు గీస్తే మొదట నిటారుగా పడి, పోనుపోను బద్ధకంగా వాలే గీత కనబడుతుంది. అడ్డంగా సెకన్లు, నిలువుగా డిగ్రీలు అని రాయండి. ప్రమాణాలు రాయని గ్రాఫు ఎవరికీ చూపించొద్దు.

సెకను అడుగే ఎందుకు, నిమిషం అడుగేస్తే పని తొందరగా అవుతుందిగా? వేసి చూడండి. మొదటి నిమిషమంతా సెకనుకు నాలుగున్నర చొప్పునే తగ్గుతుందని యంత్రం నమ్ముతుంది, కానీ నిజం పలక ఆ నిమిషంలోనే బాగా మందగించింది. రెండు నిమిషాలకు నిమిషం అడుగుల లెక్క 808 డిగ్రీలంటుంది, సెకను అడుగుల లెక్క 875. దాదాపు డెబ్భై డిగ్రీల తేడా ఒక్క అడుగు పొడవు వల్ల. ఇంకా ఆశకు పోయి 400 సెకన్ల అడుగు వేస్తే పలక ఉష్ణోగ్రత మైనస్ 341 కెల్విన్ అని వస్తుంది. ప్రకృతిలో కెల్విన్ సున్నాకు కింద చల్లదనం లేదు. కంప్యూటర్‌కి ఆ సంగతి పట్టదు, అచ్చేస్తుంది.

అడుగు సరైనదో కాదో తెలియడానికి రెండు దారులు. అడుగును సగం చేసి మళ్లీ నడపండి, జవాబు కదలకపోతే సరే. లేదా కాగితం మీద సాధ్యమైతే సూత్రంతో పోల్చండి. ఈ పలక లెక్కకు అదృష్టవశాత్తు సమాకలనం చేతితోనే అవుతుంది, జవాబు 172 సెకన్లు. మన అడుగుల లెక్క సెకను లోపు తేడాతో దాన్ని తాకింది. ఇలాంటి తెలిసిన జవాబున్న లెక్క ఒకటి ఎప్పుడూ దగ్గరుంచుకుంటే, రేపు గాలి తీసుకుపోయే వేడిని కలిపి సూత్రం చేతికందకుండా పోయినప్పుడు కూడా ప్రోగ్రామును నమ్మడానికి ఒక ఆధారం ఉంటుంది.

అడుగు పొడవు సంగతి ఇంతటితో తేలిపోదు, చల్లారే వేగం మారితే అదీ మారాలి. దానికి ఉదాహరణ దగ్గర్లోనే ఉంది. 1950 నవంబరులో ప్రధాని నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశోధన ప్రయోగశాల ఈ ఊళ్లోనే, బర్మామైన్స్‌లో ఉంది. దానికి 1992 నుంచి పదేళ్లు డైరెక్టరుగా ఉన్నది మన కృష్ణా జిల్లా నుంచి వచ్చిన పాచ్చా రామచంద్రరావు గారు, తరవాత బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి వైస్ ఛాన్సలర్ అయ్యారు. ఆయన పరిశోధన అతివేగంగా గడ్డకట్టే లోహాల మీద, లోహపు గాజుల మీద. కరిగిన లోహం మామూలుగా చల్లారితే లోపలి పరమాణువులు బారులు తీరి స్ఫటికమవుతాయి. ఆ వ్యవధి ఇవ్వకుండా చల్లార్చితే ఉన్నచోట ఉన్నట్టే బిగుసుకుపోయి గాజులా మారతాయి. 1960లో కాల్‌టెక్‌లో పోల్ దువేజ్ బృందం బంగారం, సిలికాన్ మిశ్రమంతో మొదటిసారి దీన్ని సాధించింది. అందుకు కావలసిన వేగం సెకనుకు పది లక్షల డిగ్రీల ప్రాంతం.

మన పలక సెకనుకు నాలుగున్నర. అలా గాజుగా బిగిసే పలచని లోహపు రేకుకు మనం రాసిన ప్రోగ్రామే సెకను అడుగుతో నడిపితే మొదటి అడుగులోనే సున్నా కెల్విన్ దాటి ఎక్కడికో పోతుంది. అక్కడ అడుగు మైక్రోసెకన్లలో ఉండాలి. ఫంక్షన్ మారుతుంది, ఎందుకంటే అక్కడ వేడి పోయేది వికిరణంతో కాదు, తాకిన చల్లని రాగిలోకి. లూప్ మాత్రం అక్షరం మారదు.

ఇంతవరకు వచ్చినవాళ్లకు తరవాతి పని ఒకటి చెప్తాను. మన గీత 1200 నుంచి 600 దాకా నునుపుగా దిగింది. నిజమైన ఉక్కు అలా దిగదు. సుమారు 700 డిగ్రీల దగ్గర లోపలి స్ఫటిక నిర్మాణం మారుతుంది, ఆ మార్పులో కొంత వేడి బయటికొస్తుంది. చీకట్లో చూస్తే మసకబారుతున్న ఉక్కు ఒక్క క్షణం మళ్లీ ఎర్రబడుతుంది. మనం కిలోకు 600 జౌళ్లని ఒకే అంకె పెట్టుకున్నాం కాబట్టి ఆ మెరుపు మన ఎరేలో ఎక్కడా లేదు. 600 అన్న చోట ఉష్ణోగ్రతను బట్టి మారే ఇంకో ఫంక్షన్ రాసి, 700 చుట్టూ దాని విలువ పెంచి మళ్లీ నడిపి చూడండి. గీతలో ఒక చిన్న మెట్టు వస్తుంది. ఆ మెట్టు దగ్గర సెకను అడుగు సరిపోతుందో లేదో సగం చేసి సరిచూసుకోండి.